డబ్బా మాంసము, జాడీ మాంసము

అమెరికాలోనున్న మా మేనల్లుడు నిన్న రాత్రి వీడియోలో స్పామ్ అను నిలవమాంసపు డబ్బా చూపుచు, "1937లో పుట్టిన సరకట, ఇంకా ఎందుకు కొంటున్నారు మామయ్యా?" అని యడిగినంతనే, నందిని సున్నపురాతి గనుల చెంత మా పాత క్వార్టరు వంటింటి అటకమీది పింగాణి జాడీ నాకు కన్నులఁ గట్టినది.

భిలాయి కొలుములకు రాయి నందించు ఆ యూరికి, విజయనగరమునుండి రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా రైలులో అమ్మమ్మ మోసికొనివచ్చు వేటమాంసపు నిలవపచ్చడి, ముక్కలోని తడి యంతయు నిగురునట్లు వేగి, ఉప్పుతో, కారముతో, నిమ్మరసముతో కలిసి, పైని తేరిన నూనెక్రింద భద్రముగా నుండెడిది. తగరపు డబ్బా గాలిని చొరనీయక చేయు కార్యమునే అచ్చట ఆ నూనె నిశ్శబ్దముగా చేయుచుండెను.

1810లో ఫ్రాన్సున నికొలా అపేర్ ఆహారమును సీసాలలో బంధించి నిలువచేయు విద్యను గ్రంథస్థము చేసిన నాటినుండి నేటివరకు, నిలవమాంసపు ఆకర్షణ రుచియందుకంటె ధైర్యమునందే యున్నదని నాకు తోచును: వేళగాని వేళ చుట్టము వచ్చినను, జీతమునకింకను నాలుగుదినములున్నను, వేడియన్న మొక్కటి యున్న చాలునన్న ధైర్యము.

ఇంత వ్యాఖ్యానము వానికేల? "మూత తీస్తే చాలు కదరా, అందుకు!" అంటిని.