భాంజాకు ఏం మష్వరా ఇవ్వను?



పోయిన జుమ్మా నాడు నమాజ్ చదివి మసీదు మెట్లు దిగుతుంటే మా భాంజా ఫోన్ చేశాడు. ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. ఆరడుగుల మూడంగుళాల గుంటడు, మాషా అల్లాహ్. బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. ఫజర్ అవగానే హాస్టల్ నుంచి కోర్టుకు పోతాడు, అసర్ తర్వాత మళ్ళీ అక్కడే.

"మామూ, ఒక ప్రొఫెషనల్ టీమ్ వాళ్ళు పిలిచారు. సీజన్‌కు కాంట్రాక్టు. నెలకు పాతిక వేలు. కానీ అటెండెన్స్ చాలదు, కాలేజీ వదిలెయ్యాలి. అమ్మీకి ఇంకా చెప్పలేదు. ముందు మీ మష్వరా కావాలి."

అమ్మీకి చెప్పలేదంటే అర్థమేమిటో ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి నాకు తెలుసు. మా ఆపా కుట్టు మిషన్ మీద రాత్రి పన్నెండు దాకా కూర్చుని కట్టిన ఫీజు అది. ఖాన్‌దాన్‌లో మొదటి ఇంజనీరు అవుతాడని వాడు పదో తరగతి పాసైనప్పటి నుంచీ దువా చేస్తోంది.

వాడు నన్నే అడగడానికి ఇంకో కారణం ఉంది. డిగ్రీ రెండో ఏట నేనూ ఇదే పని చేశాను. నాది వాలీబాల్. ఒక కంపెనీ టీమ్ వాళ్ళు ఆడితే జీతం ఇస్తాం, తర్వాత పర్మినెంట్ చేస్తామన్నారు. అబ్బా వద్దన్నా వినలేదు. ఎనిమిది నెలలు రాజాలా తిరిగాను. తొమ్మిదో నెలలో మోకాలు తిరగబడింది. ఆస్పత్రి ఖర్చు అబ్బా సైకిల్ అమ్మి కట్టారు. టీమ్ మేనేజర్ ఒక్కసారి చూడటానికి వచ్చాడు, బత్తాయిలు తెచ్చాడు. అంతే. డిగ్రీ దూరవిద్యలో పూర్తయ్యేసరికి నాకు ముప్పై ఒకటి. మరి పస్తాయించానా అంటే, నిజం చెప్తాను, ఆ ఎనిమిది నెలల మీద నాకు పస్తావా లేదు. సైకిల్ మీద ఉంది.

అందుకే వెంటనే "వద్దు" అనలేకపోయాను. నా మోకాలి దర్ద్ వాడి కాలికి అంటగట్టే హక్కు నాకెక్కడిది?

మన జిల్లాలో హునర్‌కు కరువు లేదు. కరణం మల్లేశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. చిన్నప్పుడే బరువులు పట్టకపోతే ఆ రోజు వచ్చేదా? రాదు. కాబట్టి "చదువు ముందు, ఆట తర్వాత" అనే మాట అందరికీ ఒకే కొలతతో కుట్టిన కుర్తా కాదు. కానీ ఆమె కూడా ఫుడ్ కార్పొరేషన్‌లో నౌకరీ చేసింది. మన దేశంలో ఆటగాడి ఇంట్లో పొయ్యి చాలాసార్లు నౌకరీ మీదే వెలుగుతుంది.

బాస్కెట్‌బాల్‌లో ఇది మరీ ఎక్కువ. క్రికెట్‌లో సిరాజ్‌కు 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు వచ్చాయి, ఆటో నడిపే అబ్బా ఇంటి నసీబ్ మారిపోయింది. బాస్కెట్‌బాల్‌కు అలాంటి బజార్ ఇక్కడ లేదు. 2015లో మొదలైన ఒక లీగ్ రెండేళ్ళకే ఆగిపోయింది. మంచి ప్లేయర్లు చివరికి చేరేది రైల్వేస్, సర్వీసెస్, పోలీసు టీముల్లోనే. రైల్వే స్పోర్ట్స్ కోటాలో కూడా పై లెవెల్ పోస్టుకు డిగ్రీ అడుగుతారు. సిరాజ్ ఇంటర్‌తో ఆపినా తెలంగాణ సర్కార్ నిబంధన సడలించి డీఎస్పీ ఇచ్చింది. ఛాంపియన్ కోసం కాయిదా వంగుతుంది. బెంచీ మీద కూర్చున్న పన్నెండో ప్లేయర్ కోసం ఎవరు వంచుతారు?

సత్నామ్ సింగ్ కథ వాడికి నాకంటే బాగా తెలుసు. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరి కుర్రాడు, ఏడడుగుల పైన ఎత్తు. పద్నాలుగేళ్ళకే అమెరికా అకాడమీకి వెళ్ళాడు. చదువు మార్కులు చాలక అక్కడి కాలేజీ టీముల్లో ఆడే దారి మూసుకుపోయింది. నేరుగా 2015 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరిచ్చాడు. డల్లాస్ టీమ్ 52వ నంబరులో తీసుకుంది, డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. దేశమంతా షాబాష్ అంది. కానీ 52 అంటే రెండో రౌండ్. మొదటి రౌండ్ వాళ్ళకు రెండేళ్ళ జీతం గ్యారంటీ, రెండో రౌండ్‌కు ఆ కాయిదా లేదు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత డోపింగ్ కేసులో రెండేళ్ళ నిషేధం. ఆ తర్వాత కుస్తీ షోల్లోకి వెళ్ళాడు. అది కూడా హలాల్ రిజ్కే, నేను చిన్నచూపు చూడను. కానీ కాలేజీలో రెండేళ్ళు ఆడి ఉంటే ఆట పదునెక్కేదేమో అని ఆ ఎత్తు గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.

ఆదివారం బస్సెక్కి ఎచ్చెర్ల వెళ్ళాను. హైవే పక్క హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కాంట్రాక్టు కాగితం ఇద్దరం చదివాం. నాలుగు పేజీలు. టీమ్ జెర్సీ వేసుకుని వేరే ప్రకటనల్లో కనిపించకూడదని పేజీన్నర రాశారు. దెబ్బ తగిలితే ఎవరు వైద్యం చేయిస్తారో ఒక్క లైను లేదు. సీజన్ మధ్యలో తీసేస్తే మిగతా జీతం సంగతి లేదు. "ఈ రెండూ అడుగు బేటా. కాలేజీ వాళ్ళను ఏడాది బ్రేక్ ఇచ్చి మళ్ళీ చేర్చుకుంటారా అని కూడా అడుగు. ఒంటెను కట్టి తవక్కుల్ చెయ్యమన్న హదీసు నీకు తెలిసిందేగా" అన్నాను.

"మూడింటికీ హా అంటే?"

"అప్పుడు ఆపాతో నేను మాట్లాడతాను."

ఈ మాట నోట్లోంచి వచ్చాక నాకే భయమేసింది. కానీ ఇచ్చిన జబాన్ ఇచ్చిందే.

కాలేజీ వాళ్ళు బ్రేక్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నారట. టీమ్ నుంచి జీతం గురించి జవాబొచ్చింది, తీసేస్తే నెల జీతం ఇస్తారట. వైద్యం గురించి మాత్రం "చూద్దాం" అన్నారట. ఆ "చూద్దాం" నేను ముప్పై ఏళ్ళ కిందట విన్నదే. ఇది కాగితం మీద రాసి ఇమ్మని భాంజా తనంతట తానే తిరిగి అడిగాడు, నేను చెప్పకుండానే. ఇస్తిఖారా నమాజ్ కూడా మొదలుపెట్టాడు. బుధవారం దాకా వాళ్ళు టైమ్ అడిగారు. రేపే బుధవారం. ఆపాకు ఇంకా ఎవరం చెప్పలేదు.