మా యింటి నేల

సోదరీమణులు నవ్వుదురేమో గాని, పెద్దముడియములోని మా పాతయింటికి మరమ్మతులు తలపెట్టినప్పుడు నేలను గూర్చి మాలో పెద్ద చర్చయే జరిగినది. కెనడాలోనున్న మా కుమారుడు ఫోనులో, "అమ్మా, ఇచ్చట నేలక్రింద గొట్టములు పఱచి వేడినీరు పాఱింతురు. అవ్వ గదిలో అట్టిది వేయించవమ్మా" అనెను.

మేము నవ్వితిమి. అత్తగారు నవ్వలేదు.

40 ఏండ్లుగా ఆమె ఆ నల్లబండలమీదనే పరుండినది. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, తడిగుడ్డతో తుడిచిన కడపబండపై కొంగు పఱచుకొని పండుకొనుటకు మించిన సుఖమున్నదా? కాని యిప్పుడు మార్గశిరము రాగానే తెల్లవారుజామున ఆ బండపై పాదము మోపలేక మంచముమీదనే కూర్చుండునట. ఈ మాట మనుమనితో చెప్పినదే గాని, ప్రక్కగదిలోనున్న మాతో చెప్పలేదు.

విచారింపగా, గొట్టములకై బండలన్నియు పెఱుకవలెను. వేడి భూమిలోనికి దిగకుండ అడుగున వేఱొక పొర వేయవలెను. నీరు కాచు యంత్రమును కావలెను. రెండునెలల చలికొఱకా యిదంతయు! మేస్త్రీ నున్నని టైల్సు వేయుమనెను. తడిసిన జాఱును, వలదంటిమి. మా బండ సున్నపురాయి. చింతపులుసు పడిన మచ్చ పోదు, నిజమే. అయినను కాలు నిలుచును.

తుదకు బండలట్లే యుంచి, అత్తగారి గదిలో మంచమునుండి వాకిలివఱకు చెక్కపలకలు పఱపించి, పైన జంపఖానా వేసితిమి. ఆమె దానిపై నాలుగడుగులు నడచి చూచి, "చైత్రములో తీసివేయుదురు గదా?" అనెను.