పూత కింది రంగు

నాంపల్లిలో పాత యంత్రాలు బాగుచేసే సోదరుడొకరు ఇటీవల ఒక మస్అలా అడిగారు. ఆయన చేతికి పాత పెట్రోలు పంపు వచ్చింది. ఆబిడ్స్‌లోని ఒక పెద్దమనిషి బర్మా షెల్ నాటి పసుపు, ఎరుపు రంగులదైతే మంచి ధర ఇస్తామన్నారు.

1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వపరమయ్యాయి. కనుక పైన కనిపించే పూతే తొలి పూత కానవసరం లేదు. ఎండకు ఎరుపు వెలిసిపోతుంది. అందుకే పనివారు పేరు పలక కింద, తలుపు లోపల పొరపొరగా గీకి చూస్తారు. ఈ పంపులో అట్టడుగున నీలం బయటపడింది. దానిపై పసుపు వేసి అమ్మవచ్చా?

దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని కనుగొన్న ఉదంతం మనకు తెలిసిందే. వానకు తడవడం వర్తకుని తప్పు కాదు. ఆ తడిని పైకి కనబడనీయకపోవడమే తప్పు.

పసుపు వేయడం ధర్మసమ్మతమే. అదే అసలు రంగని నమ్మించి అధిక ధర పుచ్చుకోవడం మోసం. తలుపు లోపల ఆ నీలాన్ని అరచేతి మేర అలాగే ఉంచి, కొనేవారికి చూపి అమ్మమని చెప్పాను. ధర తగ్గవచ్చు గాని బరకత్ తగ్గదు.

పిల్లల సంబంధాలు మాట్లాడేటప్పుడు మనం వేసే పూతలకూ ఇదే తీర్పు.