తోకచుక్క... చందమామకు నీళ్ల ట్యాంకర్!

వేసవి వస్తే అడిక్‌మెట్ గల్లీల్లో చెవులన్నీ ట్యాంకర్ హారన్ మీదే ఉంటాయి. ఎప్పుడొస్తుందో, ఎన్ని బిందెలు దొరుకుతాయో! గాలి కూడా లేని చందమామకూ అలాంటి ట్యాంకర్లే నీళ్లు మోశాయంటే నమ్ముతారా? వాటి పేరు తోకచుక్కలు, గ్రహశకలాలు.

అడిక్‌మెట్ దాటితే వచ్చేది ఉస్మానియా క్యాంపస్. తోకచుక్కల కథకు ఈ ఊరితో పాత చుట్టరికమే ఉంది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా చేతికొచ్చింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టారు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు.

తోకచుక్కంటే దుమ్ము కలిసిన మంచుగడ్డ. కొన్ని రకాల గ్రహశకలాల రాళ్లలోనూ నీరు దాగి ఉంటుంది. అయితే ఈ ట్యాంకర్లకు బ్రేకులుండవు. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చి చంద్రుణ్ని ఢీకొంటాయి. ఆ వేడికి మంచు ఆవిరైపోతుంది. చంద్రుడి ఆకర్షణ మన భూమిలో ఆరో వంతే కాబట్టి, చాలావరకు ఆవిరి అంతరిక్షంలోకి జారిపోతుంది. మిగిలినదాంట్లో కొంత ఎండకు విడిపోతుంది.

మరి మిగిలేదెలా? నీటి అణువులు గంతులు వేసుకుంటూ చంద్రుడి నేలమీద తిరుగుతాయి. వాటిలో కొన్ని ధ్రువాల దగ్గరి లోతైన గుంతల్లో పడతాయి. చంద్రుడి అక్షం ఒకటిన్నర డిగ్రీలే వంగి ఉండటంతో ఆ గుంతల అడుగుకు ఎండ తగలదు. కొన్నిచోట్ల చలి మైనస్ 230 డిగ్రీల కంటే కిందికి పోతుంది. అక్కడ చేరిన నీరు కోట్ల ఏళ్లు గడ్డకట్టే ఉంటుంది. శాస్త్రవేత్తలు ఈ మాట 1961లోనే ఊహించారు.

2008లో మన చంద్రయాన్-1 వెళ్లింది. అందులోని నాసా పరికరం చంద్రుడి నేలపై నీటి జాడ పట్టినట్టు 2009 సెప్టెంబరులో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరు 9న నాసా ఒక ఖాళీ రాకెట్ భాగాన్ని కేబియస్ అనే గుంతలో పడేసింది. పైకి లేచిన దుమ్ములో దాదాపు 155 కిలోల నీరు కనిపించింది. మన లెక్కలో ఓ పది బిందెలు! సూర్యుడికి దగ్గర్లో మాడిపోయే బుధుడి ధ్రువాల్లోనూ మంచు ఉందని మెసెంజర్ నౌక 2012లో తేల్చింది.

ఈ నీటిలో తోకచుక్కల వాటా ఎంత, గ్రహశకలాలది ఎంత, సూర్యుడి నుంచి వచ్చే కణాలతో అక్కడే తయారైంది ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చాల్సి ఉంది. రేపు చంద్రుడిపై ఉండబోయే మనుషులకు ఆ మంచే తాగునీరు, ఊపిరి, రాకెట్ ఇంధనం. తోడేస్తే మాత్రం మళ్లీ నిండటానికి కోట్ల ఏళ్లు పడుతుంది. మన ట్యాంకర్ మూడు రోజులకైనా వస్తుంది... ఆ ట్యాంకర్ కోసం అంతకాలం ఎదురుచూడగలమా? అందుకే అక్కడా పొదుపు తప్పదు!