జెండా లేని జట్టు

ఈ వార్షిక సంచికకు "ఆటల వలన లాభములు" అను విషయమును గూర్చి యేదైన వ్రాయుమని సంపాదకులు నన్ను కోరిరి. లాభములను గూర్చి ఇదివరకే పలువురు వ్రాసియున్నారు. నేనొక నష్టమును గూర్చి వ్రాయదలచితిని. అది ఆటగాండ్ర వలన కలిగిన నష్టము కాదు. పెద్దల వలన కలిగినది. ఆ పెద్దలలో నేనును ఒకడను.

ఒకనాడు ఎనిమిదవ తరగతి వారికి శీతల దేశములను గూర్చి బోధించుచు, 2014వ సంవత్సరమున రష్యా దేశమునందు నల్లసముద్రపు టొడ్డుననున్న సోచీ పట్టణమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడల చలనచిత్రమును తెరమీద చూపితిని. మన పిల్లలు మంచుగడ్డను ఐసుబండిలో తప్ప మరెచ్చటను చూచి యెరుగరు. మనుష్యులు కొండ కొమ్మునుండి మంచుమీద జారిపోవుట చూచి కొందరు బల్లలమీదికెక్కి నిలిచిరి. తరువాత ప్రారంభోత్సవము వచ్చెను. ఒక్కొక్క దేశపు జట్టు తన తన జెండాతో ప్రవేశించుచుండెను. "వీరే మనవారు" అని నేను చెప్పగానే అందరును చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు సగములోనే ఆగిపోయెను. ముందు బల్లమీది బాలిక యొకతె లేచి, "మాస్టరుగారూ, మనవారి ముందు మన జెండా లేదేమండి?" అని యడిగెను.

ఆ బాలిక చూచినది నిజమే. మనవారి ముందు కదలినది మూడు రంగుల జెండా కాదు. ఐదు వలయములుగల తెల్లని ఒలింపిక్ ధ్వజము.

దానికి కారణమును పిల్లలకు చెప్పవలసివచ్చెను. 2012వ సంవత్సరము డిసెంబరు నెలలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు భారత ఒలింపిక్ సంఘమును సస్పెండు చేసిరి. మన సంఘపు ఎన్నికలు ఒలింపిక్ నియమావళి ననుసరించి జరుగలేదనియు, వానిలో ప్రభుత్వపు జోక్యము కలదనియు వారి ఆక్షేపణ. న్యాయస్థానమున అభియోగముల నెదుర్కొనుచున్నవారు సంఘపు పదవులలో నుండరాదనియు వారు పట్టుపట్టిరి. వాదోపవాదములతోను ఉత్తరప్రత్యుత్తరములతోను పదునాలుగు నెలలు గడచెను. ఈలోగా సోచీ క్రీడల దినము వచ్చినది. మంచు ఎవరి తగవు తీరువరకును కరగక కాచుకొనియుండదు గదా!

మన జట్టునందు ముగ్గురే యుండిరి. హిమాచల ప్రదేశమునకు చెందిన శివ కేశవన్, హిమాంశు ఠాకూర్; జమ్మూకాశ్మీరమునకు చెందిన సైనికుడు నదీం ఇక్బాల్. వీరిలో శివ కేశవన్ ఆడిన ఆటను ల్యూజ్ అందురు. ఆటగాడు చిన్న జారుడు బండిమీద వెల్లకిల పరుండి, పాదములు ముందునకు చాచి, మంచుగడ్డతో పేర్చిన వంకరటింకర కాలువలో గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో దిగిపోవలెను. పగ్గములు లేవు, చక్రము లేదు. పిక్కల ఒత్తిడితోను భుజముల కదలికతోను బండిని మళ్ళించుకొనవలెను. సెకండులో వేయవవంతు వరకు కాలమును లెక్కించి జయాపజయములను నిర్ణయింతురు.

మన దేశమున అట్టి మంచు కాలువ లేదు. కావున ఆయన తన బండికి చిన్న చక్రములు బిగించి, హిమాలయపు రోడ్లమీద లారీల ప్రక్కగాను గొఱ్ఱెల మందల నడుమగాను జారుచు అభ్యాసము చేసెను. 1998వ సంవత్సరమున జపాను దేశపు నగానో క్రీడలకు పదునారేండ్ల ప్రాయమున వెళ్ళినప్పుడు మన దేశపక్షమున ఆయన యొక్కడే యుండెను. సోచీ ఆయనకు ఐదవ ఒలింపిక్ క్రీడ. అచ్చట అభ్యాసపు పరుగులో ఒక మలుపు చెంత బండినుండి పడిపోయెను. పడియు బండిని విడువలేదు. జారుచునే దానిని పట్టుకొని, మరల దానిపై కెక్కి, తుదివరకు వెళ్ళెను. ఈ దృశ్యమును పిల్లలు మూడుసార్లు చూపించుకొనిరి.

ఫిబ్రవరి 8, 9 తేదీలలో ఆయన పందెము జరిగెను. ముప్పదితొమ్మిది మందిలో ముప్పదియేడవ స్థానము వచ్చెను. ఆయన పేరు ప్రక్క మన దేశపు పేరు లేదు. అదే 9వ తేదీన ఇచ్చట భారత ఒలింపిక్ సంఘమునకు క్రొత్త ఎన్నికలు జరిగెను. 11వ తేదీన సస్పెన్షను తొలగెను. 16వ తేదీన సోచీలో ఆటగాండ్ర విడిదియందు మన జెండా ఎగిరెను. తక్కిన యిద్దరును సస్పెన్షను తొలగిన తరువాత తమ పందెములలో దేశపు పేరుతోనే పాల్గొనిరి. శివ కేశవన్ పరుగులు మాత్రము అప్పటికే ముగిసిపోయెను. పదునాలుగు నెలలలో జరుగని పని, ఆయన పందెము ముగిసిన రెండు దినములకు జరిగెను.

"తప్పెవరిదండి?" అని ఆ బాలిక మరల అడిగెను. "పెద్దలదమ్మా" అని చెప్పి, పుస్తకము మూయబోతిని. చేయి కదలలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను వేరొక పాఠశాలలో ఆటల కార్యదర్శిగా నుంటిని. అచ్చటి చెడుగుడు జట్టువారు ఏడుగురు బాలురు. రెండు నెలలపాటు తెల్లవారకమునుపే వచ్చి, తామే యేటినుండి ఇసుక మోసి బరి తయారుచేసికొని ఆడుచుండిరి. జిల్లా పోటీలకు వారి పేర్ల పట్టికను పంపవలసియుండెను. దానిపై ముందుగా ఎవరు సంతకము చేయవలెనను విషయమున నాకును మరియొక ఉపాధ్యాయునకును మాటపట్టింపు కలిగెను. నేను పంతముతో ఆ కాగితమును మూడు దినములు నా సొరుగులో నుంచితిని. నాలుగవనాటికి గడువు దాటెను. బాలురు వచ్చి యడుగగా, "ఈ యేడు మన పాఠశాలకు పిలుపు రాలేదు" అంటిని. అది అబద్ధము.

తరువాత చాలకాలమునకు బస్సుస్టాండులో ఒక యువకుడు నా చేతిసంచి అందుకొని నమస్కరించెను. ఆ జట్టులోనివాడు. క్షేమసమాచారములైన పిదప, "మాస్టరుగారూ, ఆ యేడు పిలుపు వచ్చుంటే మేము గెలిచేవాళ్ళమండి" అనెను. నేనేమియు ననలేదు. బస్సు వచ్చెను, ఎక్కితిని.

ఈ సంగతియంతయు ఆనాడు ఎనిమిదవ తరగతి వారికి చెప్పితిని. తరగతి నిశ్శబ్దముగా నుండెను. ఆ బాలికయే మెల్లగా, "ఆయనకు చెప్పితిరా మాస్టరుగారూ?" అనెను. "లేదమ్మా" అంటిని.

తల్లిదండ్రులారా, సహోపాధ్యాయులారా, సంఘములు నడుపు పెద్దలారా! మన తగవులలో న్యాయము ఒకప్పుడు మన పక్షముననే యుండవచ్చును. ఎన్నికలు మరల జరుపవచ్చును, సంతకము మరునాడు చేయవచ్చును. పిల్లవాని పరుగునకు మాత్రము మరునాడు లేదు. ప్రియ విద్యార్థులారా! జెండా లేకపోయినను ఆ ముగ్గురు పోటీ మానలేదు. అది మీరు నేర్చుకొనదగినది. వారి జెండా ఎందుకు లేకపోయెనో అది మేము నేర్చుకొనదగినది.

వేసవి సెలవులలో ఆ యువకుని ఊరు వెదకికొని వెళ్ళితిని. అతడు తన తండ్రి కొట్టులో కూర్చుండియుండెను. నిలుచుండియే జరిగినదంతయు చెప్పితిని. అతడు చాలసేపు త్రాసుపళ్ళెమును చేతితో సరిచేయుచు కూర్చుండెను. తుదకు, "మిగతా ఆరుగురికి కూడ చెప్పండి మాస్టరుగారూ" అనెను.

ఇప్పటికి నలుగురికి చెప్పితిని. ఇద్దరి ఊరు ఇంకను తెలియలేదు. వెదకుచున్నాను.