గుంటూరు జిల్లా ఎక్కడెక్కడ ఉంది?

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే తీసి తలకిందులుగా పేర్చేవాడు. అచ్చయిపోయాక మళ్ళీ ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాడు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాకు హెచ్‌టీఎంఎల్ తగిలింది. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో ట్యాగూ తెరవడం, మూయడం, మూయడం మర్చిపోతే పేజీ అంతా చెదిరిపోవడం... ఇదేదో మా ఇంటి పనే అనిపించింది.

2004లో చివరి ఏడాది. మాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు అప్పటికి రిటైరై రేపల్లెలో స్థిరపడ్డారు. ఈ మూడు ఊళ్ళ గురించి ఆయన ఏళ్ళుగా రాసుకున్న వ్యాసాలుండేవి. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు, ఆ ఊరివాడే అయిన చక్రపాణి, 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ, 1892లో భట్టిప్రోలు స్తూపంలో దొరికిన రాతి భరిణెలు, వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు. “వెబ్‌సైట్ చేస్తానండీ” అన్నాను. ఆయన నవ్వి కాగితాల కట్ట చేతిలో పెట్టారు.

బోసు రోడ్డులో నెట్ సెంటర్. గంటకింత అని కట్టి, 41 పేజీలు చేత్తో రాశాను. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ ఆ సెంటర్లో ఉన్నది విండోస్ 98. అందుకని పాతరకం ఫాంటే వాడాను. వాటి కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టడం. ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు, లేనిచోట పిచ్చిగీతలు.

మెనూలో ఒక కొత్త లింకు చేర్చాలంటే 41 ఫైళ్ళూ తెరవాల్సిందే. నాకది కష్టం అనిపించలేదు. గర్వంగా ఉండేది. ఏ పేజీలో ఏ లైను ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు. మాస్టారు ఒక కామా మార్చాలన్నా నాకే ఫోన్ చెయ్యాలి.

2010లో అమ్మగారు, అంటే మాస్టారి భార్య, పోయారు. మొదటి పేజీలో ఆవిడకిచ్చిన అంకితం ఉంది. దాని కింద తేదీ వెయ్యమని అడిగారు ఆయన. ఒక్క లైను. అప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, రిలీజుల గొడవ. మూడు వారాలు పట్టింది నాకు. ఆయన ఈలోపు రెండోసారి అడగలేదు.

ఆ సిగ్గుతోనే మరుసటేడు సైటుని వర్డ్‌ప్రెస్‌లోకి మార్చాను. 2003లో వచ్చిన ఈ సీఎంఎస్ మీదే ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతం పైగా నడుస్తున్నాయి. దాని ఏర్పాటు తేలికే. రాసినదంతా డేటాబేస్‌లో ఉంటుంది, పేజీ రూపం వేరే చోట ఉంటుంది, ఎవరైనా అడిగినప్పుడు రెండిటినీ కలిపి చూపిస్తుంది. మెనూ ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ముఖ్యంగా, మాస్టారికి సొంత పాస్‌వర్డ్ ఉంటుంది.

ఆయన లేఖినిలో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకుని, ఏడేళ్ళలో 112 వ్యాసాలు పెట్టారు. నా చేతిలో ఉన్నప్పుడు ఏడాదికి రెండు పెరిగితే గొప్ప. శీర్షికలన్నీ ఎర్రరంగులో, లావుగా, కింద గీతతో ఉండేవి. నేను రాత్రిపూట లోపలికెళ్ళి ఆ ఎరుపు తీసేసేవాణ్ణి. ఆయన మళ్ళీ పెట్టేవారు. చేత్తో చేసిన నా పేజీలు ఎంత శుభ్రంగా ఉండేవో అని లోలోపల నసుగుతూనే ఉన్నాను.

2018లో, చవకగా వస్తోందని సైటుని వేరే సర్వర్‌కి మార్చాను. డేటాబేస్‌ని దించుకునేటప్పుడు అక్షరాల అమరిక సరిచూసుకోలేదు. తెలుగు తెలియని అమరికలోకి దిగింది అదంతా. తనకి తెలియని ప్రతి అక్షరానికీ అది ఒక ప్రశ్నార్థకం పెట్టేసింది. నేను మొదటి పేజీ పైన ఇంగ్లీషులో ఉన్న పేరు చూసి, బాగానే ఉందనుకుని, ఆ రాత్రే పాత ఖాతా మూసేశాను.

పొద్దున్నే మాస్టారు ఫోన్. “ఏరా అబ్బాయ్, అన్నీ ప్రశ్నలే కనిపిస్తున్నాయి?”

వేబ్యాక్ మెషిన్‌లో వెతికితే మొదటి పేజీ దొరికింది, అంతే. అల్మారాలో 2004 నాటి సీడీ ఉంది. అందులో 41 ఫైళ్ళూ తెరుచుకున్నాయి, అన్నీ పిచ్చిగీతలే. కానీ ఆ గీతల్లో ఒక్కోటి ఒక్కో తెలుగు ముక్కకి గుర్తు. దేనికి ఏదో పట్టిక రాసుకుంటే రెండు వారాల్లో మొత్తం యూనికోడ్‌లోకి వచ్చేసింది. ప్రశ్నార్థకాలకి ఏ పట్టికా లేదు. అన్నీ ఒకేలా ఉంటాయి. నాన్నకి చెబితే, “గళ్ళు తిరగబడితే ఏరుకోవచ్చురా, సీసం కరిగించేశాక ఏం ఏరతావ్?” అన్నాడు.

112లో ఎనభై దాకా మాస్టారి నోటుపుస్తకాల్లో ఉన్నాయి. మిగతావి ఆయన నేరుగా కంప్యూటర్లోనే రాశారు. అమ్మగారి మీద రాసింది వాటిలోదే. “మళ్ళీ రాయండి మాస్టారూ” అన్నాను. “అది మళ్ళీ వచ్చేది కాదులే” అన్నారు. నేను దాన్ని పూర్తిగా చదవలేదు. శీర్షిక రంగు మార్చడానికి తెరిచి, మార్చి, మూసేశాను.

చేతిరాత మేలా, సీఎంఎస్ మేలా అని ఆఫీసులో కుర్రాళ్ళు వాదించుకుంటుంటే నేను మాట్లాడను. మొదటిదాంట్లో ఆయన నోరు నా చేతిలో ఉంది. రెండోదాంట్లో ఆయన నోరు ఆయనకిచ్చి, దాన్ని దాచే పని నేను సరిగ్గా చెయ్యలేదు. రెండుసార్లూ తప్పు పనిముట్టుది కాదు.

ఇప్పుడు మూడో పద్ధతి. మాస్టారు మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి ఒక ఫోల్డర్‌లో పెడతారు. నేను రాసిన చిన్న ప్రోగ్రామ్ రాత్రికి వాటిని హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మారుస్తుంది. డేటాబేస్ లేదు. ఫోల్డర్ నకలు ఆయన దగ్గరొక పెన్‌డ్రైవ్‌లో, నా దగ్గర ఒకదాంట్లో. ఎర్రరంగు పెట్టుకునే వీలు కూడా ఇచ్చాను.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. రేపల్లె, భట్టిప్రోలు, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. తెనాలి గుంటూరులోనే మిగిలింది. ఆ వేసవిలో తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళాను. ‘గుంటూరు జిల్లా’ అని వెతికితే 63 చోట్ల ఉంది. తెనాలి వదిలేసి మిగతావన్నీ ఒక్క ఆదేశంతో మార్చబోతుంటే మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆగు. ఒక్కోటీ చదువు.”

చదివాను.

“1913 మహాసభ. అప్పుడు బాపట్ల గుంటూరు జిల్లాలోదే. ముట్టుకోకు.”

“మీ ఇంటి అడ్రసండీ?”

“అది మార్చు.”

“1892, భట్టిప్రోలు, గుంటూరు జిల్లా.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “గుంటూరు జిల్లా వచ్చిందే 1904లో కదరా. అప్పుడది కృష్ణా జిల్లా. పద్దెనిమిదేళ్ళుగా తప్పు ఉంది, నీకూ నాకూ కనపళ్ళేదు.” కీబోర్డు తన వైపు లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే దిద్దారు.

తర్వాతది అంకితం. అమ్మగారి పేరు కింద ‘రేపల్లె, గుంటూరు జిల్లా’ అని ఉంది. నేను పైకి చదవలేదు. ఆయనే తెర మీద చూసి, “అది అలాగే ఉండనీ. ఇంకెన్ని ఉన్నాయి?” అన్నారు.

“ఇరవై రెండండీ.”

“టీ తాగి కూర్చుందాం.”