మేము విమానము దింపినచోటు

వేసవి సెలవులలో మావారు 1982వ సంవత్సరపు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరను ఆటను మా కంప్యూటరునందు నడిపి చూపిరి. దీనిని రచించినవారు బ్రూస్ ఆర్ట్‌విక్. ఆనాటి గృహయంత్రముల శక్తి స్వల్పమగుటచే మేడలన్నియు వట్టి గీతలే. నగరమును మనమే యూహించుకొనవలెను. షికాగోలో సరస్సుతీరమందలి మీగ్స్ ఫీల్డున సెస్నా విమానము మనకై నిలిచియుండును.

ఎగురుట త్వరలోనే యలవడినది. దించుటయే కష్టము, తలఁచినచోట దిగుటకు పుష్పకము కాదుగదా! పలుమారులు సరస్సున మునిగితిమి. మావారు నవ్విరి. (వారును మునిగినవారే.) ఏడవనాఁటి సాయంకాలము, పొయ్యిమీఁద పప్పు అడుగంటుచున్నను లేవక, దింపితిమి.

ఆ సంతోషములో, ఆ విమానాశ్రయమును నిజముగా చూడవచ్చునా యని యడిగితిమి. 2003 మార్చి 30వ తేది రాత్రి మేయరు ఆజ్ఞచే బుల్డోజరులు దాని రన్‌వేను త్రవ్వివేసినవనియు, ఇప్పుడచట ఉద్యానవనమున్నదనియు వారు చెప్పిరి.

మరునాఁడు మేము మరల నచ్చటనే దిగితిమి.